మేకపోతు పురుడు

కూచో అమ్మాయ్, కూచో. ఆ స్టూలు మీద కాదు, దాని కాలు ఊగుతుంది, ఈ బల్ల మీదకి రా. మండలం ఆఫీసు నించేగా? తెలుసులే, పొద్దుట్నించీ మైకులో ఊదరగొడుతున్నారుగా, ఇంటింటికీ మనిషి వస్తుంది, ఇంకో బిడ్డని కనే ఉద్దేశం ఉందో లేదో చెప్పండి అని. నాకెక్కడి ఉద్దేశమే తల్లీ, నాకు పళ్ళే లేవు. ఓ, మా మనవడి సంగతా. వాడికి ముందు పెళ్ళాం దొరకొద్దూ? బిడ్డకింతని యువాన్లిస్తాం అంటున్నారు బానే ఉంది, పిల్లని కూడా ఇస్తారేమో మీ ఆఫీసర్ని అడిగి చూడు. ఈ ఊళ్ళో పెళ్ళికావల్సిన మొగాళ్ళు వీధికి అరడజను మంది ఉన్నారు, వాళ్ళకి చూపిద్దామంటే ఒక్క ఆడపిల్ల లేదు. బడికి పిల్లల్లేక మూసేసి మా ముసలాళ్ళకి మాజాంగ్ బిళ్ళలు ఆడుకోమని ఇచ్చారు. ఒకటో తరగతి బల్లలు, మోకాళ్ళు పట్టి చావవు. ఎదురు గోడ చూశావా, ముగ్గురు బిడ్డలుంటే మూడు పండగలు అని రాశారు మొన్న. ఆ సున్నం కింద ఏవుందో నాకు తెలుసు. ఒక్కరు చాలు, రెండోవారు వద్దు అని ఇంతింత అక్షరాలుండేవి. వానొస్తే ఆ పాత అక్షరాలు మళ్ళీ పైకొస్తాయి, ఒక్కటా మూడా తేల్చుకోలేక పిచ్చెక్కుతుంది చదివేవాడికి.

నాకెంతమందనా? ఇద్దరు. ఒక మొగ, ఒక ఆడ. అదేంటి, ఆ రోజుల్లో ఒక్కరేగా అంటావా? అదే మరి. ఆ రెండోది ఎట్లా వచ్చిందంటే మా అత్త గురించి చెప్పాలి. దౌ లాన్‌షియాంగ్ అని, పోయి ఇరవయ్యేళ్ళ పైమాటే. నువ్వు వినలా? మీ మండలంలో ముసలాళ్ళనెవర్నడిగినా చెప్తారు. ఆవిడ నోరు అట్లాంటిది. నోట్లో నువ్వుగింజ నానదు. పొయ్యితో మాట్లాడేది, కోళ్ళతో మాట్లాడేది, పిండి పిసుకుతూ పిండిని తిట్టేది. ఎందుకంటే ఇంట్లో జవాబు చెప్పే దిక్కులేదు. ఆరుగురు కొడుకులు. ఆరుగురూ మా మామగారి పోలికే, బెల్లం కొట్టిన రాళ్ళు. అన్నం పెడితే తింటారు, పొలం వెళ్ళమంటే వెళ్తారు, నాన్న పోయాడంటే కూడా తలూపారు. పక్కూళ్ళ ఆడాళ్ళు వచ్చి ఏ దేవతకి మొక్కావు వదినా, ఆరుగురు మొగపిల్లలు అని కళ్ళనీళ్ళు పెట్టుకుని అడిగేవాళ్ళు. "మొక్కలేదమ్మా, మొత్తుకున్నాను. ఒక్క ఆడపిల్లనియ్యి తల్లీ అని ఆరుసార్లు మొత్తుకున్నాను, దేవతకి చెవుడు" అనేది.

నాకు పెళ్ళయి మొదటి కాన్పు మొగపిల్లాడు. మా అమ్మావాళ్ళు టపాకాయలు కాల్చారు. మా అత్త వచ్చి, గుడ్డ పక్కకి తీసి చూసి, "ఇంకో మొద్దు" అని పందికి కుడితి పెట్టడానికెళ్ళిపోయింది. నవ్వకు, నేను మూడు రోజులు ఏడ్చాను. తర్వాత నా పక్కన కూచుని చెప్పింది. "ఒసే, నాకు కావల్సింది ఏం లేదే. చిక్కుళ్ళు తుంచుకుంటూ, ఊరందరి మీదా చాడీలు చెప్పుకోడానికి ఒక్క ఆడపిల్ల. అది గలగలా మాట్లాడాలి, నేను విని ఇంకోటి చెప్పాలి. చచ్చేలోపు అదొక్కటీ జరిగితే చాలు." నేనున్నాగా అత్తా అన్నాను. "నువ్వు కోడలివి. కోడలు మాట్లాడితే ఎదురు చెప్పడం అంటారు" అంది.

కానీ అప్పటికే ఒక్కటే అని రూలు వచ్చేసింది. మా పక్కింట్లోనే లెంగ్ షుఫెన్ ఉండేది, ఊరి కుటుంబ నియంత్రణ డైరెక్టరమ్మ. మా గోడా వాళ్ళ గోడా ఒకటే. ఆవిడ పొద్దున్నే మైకు పట్టుకునేది. "ఫలానా వారి కోడలా, నీ లూపు చెకింగుకి నువ్వు రాలేదు. ఫలానా వారి పెద్దకోడలా, నీకు వాంతులవుతున్నాయంట, అది అజీర్తో కాదో నాకొచ్చి చెప్పు." ఊరంతా గంజి తాగుతూ వినేది ఇదంతా, రేడియో ఉన్నవాళ్ళు కూడా కట్టేసి ఇదే వినేవాళ్ళు. మంచి మనిషే గానీ ఉద్యోగం అది. ఊళ్ళో రెండో బిడ్డ పుట్టిందంటే ముందు ఆవిడ ఉద్యోగం ఊడుతుంది. ఇక కన్నవాళ్ళ సంగతి, పందుల్ని తోలుకుపోతారు, తలుపులు పీక్కుపోతారు, పక్కూళ్ళో ఒకళ్ళకి ఇంటికప్పే లాగేశారు. కడుపుతో ఉండగా దొరికావనుకో, ఆసుపత్రికి లాక్కుపోయి తీసేసేవాళ్ళు. ఎన్నో నెలయినా సరే. అది నవ్వే విషయం కాదులే.

నాకు మళ్ళీ నెల తప్పింది. మా ఆయనకి చెప్తే తలూపాడు. మా అత్తకి చెప్తే, జన్మలో మొదటిసారి, ఆవిడకి మాట రాలేదు. కాసేపే లే. తర్వాత హుకుం జారీ చేసింది, ఈ ఇంట్లో అందరూ దూది కోట్లు వేసుకోవాలని. చలికాలం కదా, బానే ఉంది. చలికాలం వెళ్ళిపోయింది, పీచు చెట్లు పూతకొచ్చాయి, ఊరంతా చొక్కాలకి దిగారు, మా ఇంట్లో ఇంకా దూది కోట్లే. నా ఒక్కదాని మీదే ఉంటే అనుమానం కదా, అందుకని ఆరుగురు కొడుకులకీ, కోడళ్ళకీ, ఆఖరికి పాకే నా కొడుక్కి కూడా. మా ఆయనా వాళ్ళూ ఆ కోట్లేసుకుని పొలం దున్నుతుంటే చెమటలకి కళ్ళు కనపడక చాళ్ళు వంకర పోయాయి. ఎవరన్నా అడిగితే మా అత్త, "మా వంశానికి ఎముకల్లో చలి" అనేది. ఆరుగురూ తలూపేవాళ్ళు. మాట్లాడని మొగాళ్ళు పనికొచ్చింది ఆ ఒక్కసారే.

లూపు చెకింగుకి నా బదులు మా రెండో తోడికోడలు వెళ్ళింది. మండలం నించి వచ్చే డాక్టర్లకి మొహాలు తెలీవు, తలకి రుమాలు మార్చి కడితే చాలు. అయితే ఆవిడకి అపెండిసైటిస్ ఆపరేషన్ అయింది, కుడివైపు కుట్లున్నాయి. ఆవిడ ధైర్యం చూసి ఊళ్ళో ఇంకో నలుగురైదుగురు కూడా మా బదులూ వెళ్ళు వదినా అని గుడ్లూ బెల్లం తెచ్చిచ్చారు. పాపం ఆ డాక్టరు పరీక్ష చేసి చేసి, "ఏవమ్మా, మీ ఊరి ఆడాళ్ళందరికీ ఒకే చోట కుట్లున్నాయేంటి?" అన్నాడంట. మా తోడికోడలు ఏవందో తెలుసా. "మా ఊరి నీళ్ళు అట్లాంటివి డాక్టరు గారూ." ఆయన బావి నీళ్ళు సీసాలో పట్టించుకెళ్ళాడు.

నెలలు నిండేసరికి మా అత్త నన్ను తన పుట్టిల్లు, చెరువుల వైపు, అక్కడికి తీసుకుపోయింది. రెల్లుగడ్డి మధ్య బాతుల కాపలా గుడిసెలో పుట్టింది పిల్ల. ఆడపిల్ల. మా అత్త దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఆ బాతులన్నిటికీ చూపించింది. ఒక్కో బాతు దగ్గరికీ వెళ్ళి చూపించిందే, అబద్ధం కాదు. పిచిక అని పేరు పెట్టింది. రోజంతా కిచకిచలాడుతుందని. ఆవిరి రొట్టెల బుట్టలో పెట్టి, మీద రొట్టెలు పేర్చి ఊళ్ళోకి తెచ్చాం. దార్లో ఎవరో ఒక రొట్టె పెట్టు పెద్దమ్మా అంటే ఆవిడ వాణ్ణి ఏడు తరాల దాకా తిట్టింది, వాడు రొట్టె మాట మర్చిపోయి పారిపోయాడు.

ఇంట్లో పెట్టాం సరే, పసిబిడ్డ ఏడవదూ? అటు గోడ అవతల డైరెక్టరమ్మ. మా అత్త ఏం చేసేదంటే, పిచిక గొంతెత్తగానే వాకిట్లో కూలబడి మా మామగారి కోసం శోకాలు మొదలెట్టేది. "అయ్యో నా మారాజా, నన్నొదిలి పోయావా" అని. ఆయన పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఉన్నన్నాళ్ళూ ఆయన్ని గాడిద కొడకా అని తప్ప పిలిచిన పాపాన పోలేదు. పిల్ల ఆకలేస్తే శోకం, పక్క తడిపితే శోకం. ఊరి మొగుళ్ళందరూ పెళ్ళాల్ని, చూసి నేర్చుకోవే అది కాపరం అంటే అని దెప్పడం. ఒకరోజు లెంగ్ డైరెక్టరమ్మే వచ్చి మా అత్త పక్కన కూచుని, వీపు నిమిరి, "ఊరుకో పెద్దమ్మా, ఇంత ప్రేమ దాచుకున్నావా" అని తనూ ఏడ్చింది. లోపల నేను పిల్ల నోటికి పాలిచ్చి, నవ్వు ఆపుకోలేక దుప్పటి కొరుక్కుంటున్నాను.

అట్లా నెల గడిచింది. ఇక్కడే పుట్టి మునిగింది. బిడ్డకి నెల నిండితే ఎర్రరంగేసిన గుడ్లు పంచాలి కదా. అవునూ, మీ టౌను పిల్లలు పంచుతున్నారా, కేకులేనా? మొగపిల్లాడైతే గుడ్డుకి నల్లచుక్క, ఆడపిల్లయితే చుక్క ఉండదు. మా అత్త ఆరుసార్లు చుక్కలు పెట్టింది. చుక్కల్లేని గుడ్లు పంచాలని ఆవిడ ప్రాణం. వద్దత్తా అని కాళ్ళు పట్టుకున్నాను. మాట్లాడని మా ఆయన కూడా వద్దన్నాడు. "గుడ్లు పంచకపోతే అది మనుషుల్లో లెక్క కాదే. దొంగసొత్తులా పెంచుతానా నా పిచికని?" అని ఆవిడే ఏడ్చింది. ఆ ఏడుపు నిజందే, మా మామగారి ఏడుపు కాదు. మర్నాడు పొద్దున లేచి చూద్దును కదా, గుడ్లన్నీ ఉడికిపోయాయి, ఆవిడ మోచేతుల దాకా ఎర్రరంగు. "ఎవరన్నా అడిగితే మన మేక ఈనిందని చెప్తాలే" అంది.

వీధి వీధంతా పంచింది. "మా మేక ఈనింది, నెల నిండింది, నోరు తీపి చేసుకోండి." ఊరివాళ్ళు వెర్రివాళ్ళా? చుక్క లేని గుడ్డు చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు మొహంలో తేడా రానివ్వలేదు. "పిల్లమేకకి ఆయుష్షు పోసుకోవాలి వదినా." "మేక బాలింత కదా, కొర్రల జావలో ఎర్ర పంచదార వేసి పెట్టు, పాలు పడతాయి." ఒకావిడైతే, "మంచి ఇంట్లో ఇచ్చి పెళ్ళి చెయ్యి" అంది. ఆఖరికి మిగిలింది పక్కిల్లు. అన్ని ఇళ్ళకీ ఇచ్చి, గోడ పక్కవాళ్ళకి ఇవ్వకపోతే శాపం పెట్టినట్టే మా వైపు. మానేయ్ అత్తా అంటే వినకుండా గుమ్మంలోకెళ్ళి నిలబడింది. నేను గోడ ఇవతల నించి వింటున్నాను. "మేక ఈనింది షుఫెన్" అంది మా అత్త. తర్వాత పెంకు చిట్లిన చప్పుడు. నములుతూ మాట్లాడింది డైరెక్టరమ్మ. "పెద్దమ్మా, ఇది మేక గుడ్డు కాకపోతే నీ తలుపులు పోతాయి, నా ఉద్యోగం పోతుంది. అంచేత ఇది మేక గుడ్డే. చుక్క లేదు, ఆడమేకపిల్లా?" "ఆడదే" అంది మా అత్త. "అయితే రెండో గుడ్డు కూడా ఇయ్యి. ఆడపిల్లకి జతగా ఇస్తారు, ఆచారం తప్పకు" అంది.

అంతటితో ఆగితే ఎట్లా. ఆ సాయంత్రమే జీపొచ్చింది మండలం నించి. దాన్లో కుటుంబ నియంత్రణ టీం లీడరు, నల్లకళ్ళద్దాలు, చంకలో తోలు బ్యాగు. ఊరికే తనిఖీకి వచ్చాడు పాపం. చూస్తే వీధి పొడుగునా ఎర్ర పెంకులు. నేను పిల్లనెత్తుకుని చిలగడదుంపలు దాచే గోతిలోకి దిగిపోయాను, మా ఆయన మీద తడక మూసి గడ్డి పోశాడు. కిందంతా మట్టి వాసన, చీకటి, పిల్లేమో ముక్కుతోంది. వాకిట్లో మాటలన్నీ నాకు వినపడుతున్నాయి. "ఎవరికి బిడ్డ పుట్టింది?" అన్నాడు. "మేకకి బాబూ" అన్నారు, ఒకళ్ళు కాదు, వీధంతా. "ఏ మేకకి? చూపించండి." మా అత్త తీసుకొచ్చి చూపించింది. చూపించకపోతే బావుండేది, ఎందుకంటే మా ఇంట్లో ఉన్నదల్లా ఒకటే మేక, అది మేకపోతు. జానెడు గడ్డం, ఇంతింత కొమ్ములు, ఇక మిగతా సంగతి గుడ్డివాడికైనా కనపడుతుంది. ఆయన అద్దాలు తీశాడంట. వంగి చూశాడంట. "ఇది ఈనిందా?"

మేకపోతు గాంభీర్యం అంటారు చూడు, ఆ పూట మేకలో ఎంతుందో మా అత్తలోనూ అంతే ఉంది. "ఇది తండ్రి బాబూ. తల్లి పురిటికి పుట్టింటికెళ్ళింది, చెరువుల వైపు. బాలింత కదా, ఇప్పుడప్పుడే పంపరు." ఆయనకి ఒళ్ళు మండింది. "మేకలకి గుడ్లు పంచుతారా ఎవరన్నా? నన్ను చూస్తే ఎట్లా కనిపిస్తున్నా నీకు?" మా అత్త తడుముకోలేదు. "మీరేగా బాబూ చెప్పింది, ఒక్క బిడ్డని కని ఊరుకున్నవాళ్ళని గౌరవించండి అని. మేకలన్నీ రెండూ మూడూ ఈనుతాయి. మా మేక ఒక్కటే ఈని ఊరుకుంది. దానికున్న బుద్ధి మనుషులకి లేదని, అందరికీ తెలియాలని పంచాను." దానికి తోడు లెంగ్ డైరెక్టరమ్మ ముందుకొచ్చి, "అవును సార్, ఆదర్శ కుటుంబం కింద ఈ ఏడు వీళ్ళ పేరే రాద్దామనుకుంటున్నా" అంది. ఎవరిదీ, మేకదా అన్నాడంట ఆయన. ఎవరూ నవ్వలేదు. నవ్వితే కొంప మునుగుతుంది, అందరూ కుక్కిన పేనుల్లా నిలబడ్డారు. ఆయన అందరి మొహాలూ చూశాడు, మేక మొహం చూశాడు. ఏవని రిపోర్టు రాస్తాడు చెప్పు, ఎట్లా రాసినా నవ్వులపాలయ్యేది ఆయనే. అద్దాలు పెట్టేసుకున్నాడు. మా అత్త రెండు గుడ్లు ఆయన జేబులో వేసింది. జీపు వెళ్ళేదాకా నేను గోతిలోనే, పిల్ల నోటి మీద చెయ్యి పెట్టి, ఊపిరాడుతోందా లేదా అని వేళ్ళు కాస్త ఎడం చేసి చూసుకుంటూ.

అట్లా దక్కిందే పిచిక. ఊరంతా తెలుసు, ఊరి బయట ఎవరికీ తెలీదు. ఊళ్ళో పిలవాల్సొస్తే లాన్‌షియాంగ్ మేకపిల్ల అనేవాళ్ళు. కానీ జీపు మాత్రం మానదు కదా, రెణ్ణెల్లకోసారి రావడం, గోతిలోకి దిగడం. మాటలు పట్టుకునే వయసొచ్చాక మా అత్త దానికి ఆట కింద నేర్పింది. జీపు చప్పుడు వినపడగానే దాని నోటి మీద చెయ్యి మూసి, "ఎవరు ముందు మాట్లాడితే వాళ్ళు ఓడినట్టు" అనేది. ఎంత త్వరగా నేర్చుకుందో. ఎప్పుడూ పిల్లే గెలిచేది. జీపు చప్పుడయినా, సైకిలు బెల్లు మోగినా, పాత సామాన్లవాడు కేకేసినా గోతి దగ్గరికి అదే నడిచి వెళ్ళిపోయేది. జీపు లేనప్పుడు కూడా తనే పెదాలు బిగించుకుని కూచునేది. అడిగితే తలూపడం. ఇంట్లో మొగాళ్ళ పోలిక అనుకున్నాం మేం. మా అత్త మాత్రం చిక్కుళ్ళు ముందేసుకుని, దాన్ని పక్కన కూచోబెట్టుకుని ఊరి కబుర్లన్నీ చెప్పేది. చెప్పి, ఆగి, దాని మొహంలోకి చూసేది, ఇప్పుడు నువ్వు చెప్పు అన్నట్టు. అది చిక్కుడుకాయ తుంచి గిన్నెలో వేసేది. సిగ్గు, పెద్దదైతే పోతుంది అనేది మా అత్త, నాతో కాదు, కోళ్ళతో.

బళ్ళో వెయ్యాల్సిన వయసొచ్చింది. కాగితాల్లో పేరు లేకుండా బళ్ళో చేర్చుకోరు. అప్పటికి రూలు కాస్త మెత్తబడింది, జరిమానా కట్టి పేరు ఎక్కించుకోవచ్చన్నారు. ఎంతని అడక్కు, పందులు పోయాయి, ఆ మేకపోతూ పోయింది, మా ఆయనా వాళ్ళ అన్నదమ్ములూ రెండేళ్ళు ఇటుకబట్టీలో చేశారు. మండలం ఆఫీసులో ముద్ర వేసి కాగితం ఇచ్చారు, ఇప్పుడు నువ్వు పని చేస్తున్న ఆ ఆఫీసే. మా అత్త ఆ కాగితాన్ని చదవడం రాకపోయినా రెండు వైపులా చూసి నా చేతిలో పెట్టి, పిచికని ఎత్తుకుని సంత మధ్యలోకి వచ్చి నిలబడింది. ఆ రోజు సంత, జనం కిటకిటలాడుతున్నారు. ముసిలావిడ మొహం ఎట్లా వెలిగిపోతోందో. "అరువే నా తల్లీ. ఎవరూ ఏవనరింక. నీ పేరు ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా అరువు. నానమ్మ వింటుంది" అంది. అప్పుడే సంతలోకి ఏదో జీపు వచ్చింది, హారన్ కొట్టింది. మన జీపు కాదు, ఎరువులవాళ్ళది. పిచిక వాళ్ళ నానమ్మ మొహం వైపు చూసి, ఆ చిన్న చెయ్యెత్తి, మా అత్త నోరు మూసేసింది.

మా అత్త ఆ చెయ్యి తియ్యలేదు. సంతలో నించి మా ఊరి దాకా అట్లానే ఎత్తుకుని నడిచింది. దారి పొడుగునా పలకరించిన వాళ్ళకి తలూపింది, అంతే.

...

టీ చల్లారిపోయినట్టుంది, తాగు. మా మనవడి పేరు రాసుకున్నావా?